ఉప్పునీటి చేపకు తెల్లమచ్చ: రాగి మందా, ఉప్పు తగ్గింపా, తొట్టి మార్పిడా?

ముందురోజు రాత్రి వరకు నిగనిగలాడిన టాంగ్ చేప రెక్కల మీద, తెల్లవారేసరికి ఎవరో ఉప్పు రవ్వ చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. రెండు మూడు రోజుల్లో ఆ చుక్కలు వాటంతటవే పోతాయి. ఈలోగా ఏదో ఒక మందు వేసినవారు అది పనిచేసిందనుకుంటారు, వేయనివారు చేప తట్టుకుందనుకుంటారు. వారం పది రోజులు గడిచాక అవే చుక్కలు మునుపటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తిరిగి వస్తాయి. ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవారిలో చాలామంది మొదటి చేపలను పోగొట్టుకునేది ఈ రెండో విడతలోనే. కనుక చికిత్సలను పోల్చి చూసే ముందు, చుక్కలు ఎందుకు పోయాయో, ఎందుకు తిరిగి వచ్చాయో తెలుసుకోవడం అవసరం.

తెల్లమచ్చకు కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. అది చేప చర్మం పైపొర కింద, మొప్పలలో 3 నుంచి 7 రోజులు తిని బలిసి, ఆ తర్వాత చేపను వదిలి రాలిపోతుంది. మనం ‘తగ్గింది’ అనుకునే ఘట్టం ఇదే. రాలినది ఇసుక మీదో, రాతి మీదో, తొట్టి అద్దం మీదో అంటుకుని చుట్టూ గట్టి గుల్ల కట్టుకుని, లోపల విభజన చెంది వందల కొద్దీ పిల్లలుగా మారుతుంది. ఆ గుల్ల పగలడానికి తక్కువలో తక్కువ 3 రోజులు, మామూలుగా నాలుగు వారాల లోపు పడుతుంది. ప్రయోగశాలలో ఒక సందర్భంలో 72 రోజులు పట్టినట్టు నమోదైంది. బయటపడి ఈదే పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే అవి చనిపోతాయి. చర్మం కింద ఉన్నంతకాలం, గుల్లలో ఉన్నంతకాలం మందు దాన్ని పెద్దగా తాకలేదు; రాగి చంపేది ఈదుతున్న దశను మాత్రమే. అందుకే ఇక్కడ ‘నాలుగు రోజుల మందు’ అన్నది ఉండదు. ఏ పద్ధతి ఎంచుకున్నా వారాల లెక్కే.

మంచినీటి చేపలు పెంచి ఇటు వచ్చినవారికి ఒక మాట చెప్పాలి. గోల్డ్ ఫిష్‌కు వచ్చే తెల్లమచ్చ వేరే జీవి వల్ల వచ్చేది. అక్కడ నీరు వెచ్చబరిచి గుప్పెడు ఉప్పు వేస్తే తగ్గుతుంది. ఇక్కడ వెచ్చబరిస్తే పరాన్నజీవి జీవితచక్రం మరింత వేగంగా తిరుగుతుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు.

చుక్కల కంటే ముందు శ్వాస చూడాలి

చికిత్స ఎంపిక చుక్కల సంఖ్యను బట్టి కాదు, చేప ఊపిరి తీసుకునే తీరును బట్టి మొదలవ్వాలి. చుక్కలు విడివిడిగా, లెక్కపెట్టగలిగేలా ఉండి, చేప తింటూ తిరుగుతూ ఉంటే అది చాలావరకు తెల్లమచ్చే. నిర్ణయం తీసుకోవడానికి ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది. అలా కాక చేప మేత మానేసి, వెలుగుకు దూరంగా జరిగి, నీరు తోసే పంపు ఎదుట నిలబడి మొప్పలు ఎగరేస్తూ ఉంటే, పక్క నుంచి టార్చి వేసి చూసినప్పుడు ఒంటి మీద సన్నని బంగారు పొడి అద్దినట్టు కనిపిస్తే, అది వెల్వెట్, అంటే అమిలోడినియం ఒసెల్లాటం. ఇది ముందుగా మొప్పలను పట్టుకుంటుంది కాబట్టి ఒంటి మీద ఏమీ కనిపించకుండానే చేప పోవచ్చు. రెండు మూడు రోజుల్లో తొట్టి మొత్తం ఖాళీ అయిన సందర్భాలు అరుదేమీ కాదు. వెల్వెట్ అనుమానం ఉన్నప్పుడు రేపటి వరకు ఆగకూడదు.

కొత్తగా వచ్చిన క్లౌన్ చేప ఒంటి నుంచి తెల్లని జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది బ్రూక్లినెల్లా అనే మరో పరాన్నజీవి. చేప కంటి మీద మసక, ఒళ్లు రాళ్లకు రాసుకోవడం, తల విదిలించడం కనిపిస్తే చర్మానికి అంటుకునే పురుగులు, అంటే ఫ్లూక్స్ అని అనుమానించాలి. తెల్లమచ్చకూ వెల్వెట్‌కూ పనిచేసే రాగి బ్రూక్లినెల్లాకూ ఫ్లూక్స్‌కూ పనిచేయదు. తప్పు పరాన్నజీవికి సరైన మోతాదులో రాగి వేసి, చక్కగా రోజూ కొలుస్తూ, నేను ఒక క్లౌన్ జంటను నాలుగు రోజుల్లో పోగొట్టుకున్నాను. కొలతలో లోపం లేదు, గుర్తించడంలో ఉంది.

ఇక పోలికలోకి వెళ్లే ముందు అన్ని పద్ధతులకూ వర్తించే ఒక షరతు ఉంది: చికిత్స ఏదైనా ప్రధాన తొట్టిలో చేయకూడదు. రాగి పగడాలను, రొయ్యలను, నత్తలను చంపుతుంది. పైగా రాళ్లూ ఇసుకా దాన్ని పీల్చుకుని, మోతాదును నిలవనీయవు. ఉప్పు తగ్గించినా వెన్నెముక లేని జీవులు బతకవు. ‘పగడాలకు హాని చేయదు’ అని సీసా మీద రాసి అమ్మే మందులను నేను పోలికలో చేర్చడం లేదు. ఈదే పరాన్నజీవిని చంపగలిగినది అంతే సున్నితమైన ఇతర జీవులను వదిలిపెడుతుందని నమ్మడానికి నాకు ఆధారం దొరకలేదు.

రాగి

మనకు రాగి కొత్త కాదు. తోటలకు బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తమే కాపర్ సల్ఫేట్. అయితే పొలానికి తెచ్చిన మైలుతుత్తాన్ని తొట్టిలో వేయకూడదు, ఎందుకంటే అందులోని మలినాలేమిటో తెలియదు. శుద్ధమైన రసాయనం దొరికినా లెక్క ఎంత సున్నితమైనదో చూడండి. సాదా రాగికి పనిచేసే పరిధి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. 60 లీటర్ల తొట్టికి పై పరిమితి ప్రకారం 12 మిల్లీగ్రాముల రాగి చాలు. స్ఫటిక రూపంలోని కాపర్ సల్ఫేట్‌లో దాదాపు నాలుగో వంతు మాత్రమే రాగి కనుక, అది 47 మిల్లీగ్రాముల స్ఫటికం అవుతుంది. వంటింటి త్రాసు దాన్ని తూచలేదు. 1 గ్రామును ఒక లీటరు డిస్టిల్డ్ నీటిలో కరిగించి, అందులోంచి 47 మిల్లీలీటర్లను రెండు రోజుల్లో కొద్దికొద్దిగా పోయడమే మార్గం. 0.15 కంటే తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, 0.25 దాటితే చేపకు ప్రమాదం. ఉప్పునీటి క్షారత వల్ల రాగి రోజురోజుకూ అడుగుకు దిగిపోతుంది కూడా, కాబట్టి రోజూ కొలిచి తరిగినంత చేర్చాలి.

ఈ ఇబ్బంది తగ్గించడానికే కట్టుబడిన రాగి మందులు, అంటే రాగిని వేరే రసాయనంతో కట్టి నీటిలో నిలిచేలా చేసినవి, వచ్చాయి. కుప్రమీన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాముల దగ్గర, కాపర్ పవర్ 2.0 నుంచి 2.5 మిల్లీగ్రాముల మధ్య పనిచేస్తాయి. వీటి అంకెలు ఒకదానితో ఒకటి కలపకూడదు. కాపర్ పవర్ మోతాదును కుప్రమీన్‌తో వేస్తే చేపలు బతకవు. కొత్తవారికి నా సలహా కాపర్ పవర్, కొలవడానికి హన్నా వారి డిజిటల్ కొలత పరికరం. రంగు కాగితంతో పోల్చే కిట్లలో 0.15కు, 0.25కు తేడా నా కంటికి ఏనాడూ తెలియలేదు.

రాగికి ఉన్న గొప్ప బలం తెల్లమచ్చ, వెల్వెట్ రెంటి మీదా పనిచేయడం. ఏది వచ్చిందో తేల్చుకోలేని రాత్రి అదే సురక్షితమైన పందెం. మోతాదు పూర్తి స్థాయికి చేరిన రోజు నుంచి 14 రోజులు ఎడతెగకుండా ఉంచి చేపను శుభ్రమైన మరో తొట్టిలోకి మార్చాలి. మరో తొట్టి లేకపోతే అందులోనే 30 రోజులు కొనసాగించాలి. మధ్యలో ఒక్క రోజు మోతాదు పడిపోయినా లెక్క మొదటికి వస్తుంది. సొరచేప పిల్లలు, రే చేపలు, మాండరిన్, పఫర్ వంటివి రాగిని తట్టుకోలేవు. కొన్ని ఏంజెల్ చేపలు మేత మానేస్తాయి. ఇంకొకటి: రాగి ఉన్న నీటిలో అమ్మోనియాను కట్టేసే ద్రావణాలు పోయకూడదు, అవి రాగిని మరింత విషపూరితంగా మార్చగలవు. అమ్మోనియా పెరిగితే నీరు మార్చడమే దారి. మార్చే నీటిలోనూ ముందే అదే మోతాదు రాగి కలిపి ఉంచాలి.

క్లోరోక్విన్

మలేరియా మాత్రగా మన ఇళ్లలో అందరికీ తెలిసిన క్లోరోక్విన్ ఫాస్ఫేట్ కూడా తెల్లమచ్చ, వెల్వెట్‌లను చంపుతుంది. మోతాదు లీటరుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. చేప మీద రాగి కంటే భారం తక్కువ, మేత మానేసే అవకాశమూ తక్కువ. అయినా నేను దీన్ని రెండో స్థానంలోనే ఉంచుతాను, ఎందుకంటే నీటిలో ఎంత మిగిలి ఉందో ఇంట్లో కొలిచే సాధనం లేదు. పాత స్పాంజి ఫిల్టర్లలోని సూక్ష్మజీవులు దాన్ని తినేసే అవకాశం ఉంది, యాక్టివేటెడ్ కార్బన్ దాన్ని పూర్తిగా లాగేస్తుంది. మనం మాత్రం మందు ఉందనే అనుకుంటూ ఉంటాం. మందుల దుకాణంలో దొరికే మాత్రల్లో పిండిపదార్థాలు కలిసి ఉంటాయి, పైగా వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. శుద్ధమైన పొడి నమ్మకంగా దొరికే చోటు ఉన్నవారికి, రాగి పడని ఏంజెల్ చేపలకు వెల్వెట్ వచ్చినప్పుడు ఇది మంచి ఎంపిక.

ఉప్పు తగ్గింపు

చేప శరీరంలో ఉప్పు సముద్రపు నీటిలో కంటే చాలా తక్కువ. ఎముకలున్న సముద్రపు చేపల్లో ఎక్కువభాగం తక్కువ ఉప్పును వారాల తరబడి సులభంగానే భరిస్తాయి, తెల్లమచ్చ జీవి భరించలేదు. అందువల్ల నీటి సాపేక్ష సాంద్రతను మామూలు 1.025 నుంచి రెండు రోజుల్లో 1.009కి దించి, కనీసం 30 రోజులు అక్కడే నిలిపితే తొట్టిలోని గుల్లలు కూడా నశిస్తాయి. మందు ఖర్చు లేదు, చేప హాయిగా తింటుంది, ఫ్లూక్స్ కూడా చాలావరకు పోతాయి. వినడానికి ఇంతకంటే మేలైనది లేదనిపిస్తుంది. నేనూ మొదట దీన్నే నమ్ముకున్నాను.

అప్పట్లో నా దగ్గర ముల్లుతో చూపే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ ఉండేది. ముప్పై రోజులూ అది 1.009 దగ్గరే నిలిచింది. ముప్పై ఐదో రోజు టాంగ్ తోక మీద మళ్లీ మూడు చుక్కలు. స్నేహితుడి రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరును బట్టి నీటిలోని ఉప్పు కొలిచే పరికరం) తెచ్చి కొలిస్తే 1.013 చూపింది. హైడ్రోమీటర్‌ను వెలుగుకు పట్టుకుని చూస్తే ముల్లు చివర ఎండిన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ఆ బరువుకు ముల్లు కిందికి వంగి, నెల రోజులుగా నాకు అబద్ధం చెప్పింది. ఈ పద్ధతిలో 1.009కి, 1.013కి మధ్య తేడా చికిత్సకు, కాలయాపనకు మధ్య తేడా. కాబట్టి లీటరుకు 35 గ్రాముల ఉప్పుండే ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకున్న రిఫ్రాక్టోమీటర్ లేనివారు దీని జోలికి వెళ్లవద్దు. వేసవిలో ఫ్యాను కింద పెట్టిన చిన్న తొట్టిలో నీరు ఆవిరై ఉప్పు ఒక్క పూటలో పెరుగుతుంది, కనుక రెండు పూటలా కొలిచి మంచినీరు చేర్చాలి. దించడం త్వరగా చేయవచ్చు, ఎక్కించడం మాత్రం నాలుగైదు రోజులకు తక్కువ కాకుండా నిదానంగా చేయాలి.

అసలు బలహీనత వేరే ఉంది. వెల్వెట్ జీవి తక్కువ ఉప్పును కూడా తేలికగా భరిస్తుంది. తెల్లమచ్చ జీవిలోనూ తక్కువ ఉప్పుకు అలవాటుపడిన రకాలు కనిపించాయి. గుర్తింపు తప్పయితే ఈ పద్ధతి నెల రోజుల పాటు మనకు నిశ్చింతను మాత్రమే ఇస్తుంది, చేపకు ఏమీ ఇవ్వదు.

తొట్టి మార్పిడి

గుల్ల పగలడానికి కనీసం మూడు రోజులు కావాలన్న ఒక్క సంగతి మీద ఆధారపడిన పద్ధతి ఇది. చేపను 72 గంటలు నిండకముందే శుభ్రమైన, పొడిగా ఆరిన మరో తొట్టిలోకి మారుస్తూ పోతే, రాలిన పరాన్నజీవులు పాత తొట్టిలో మిగిలిపోతాయి, పగిలేసరికి అక్కడ చేప ఉండదు. మొదటి రోజు మొదటి తొట్టి, ఆపై 4, 7, 10, 13వ రోజుల్లో మార్పు. చివరి మార్పుకు చేప ఒంటి మీద ఏమీ మిగలదు. నిజానికి రెండు పాత్రలు చాలు: ఒకటి వాడుతుండగా రెండోదాన్ని, దానితోపాటు ఎయిర్ స్టోన్‌ను, హీటర్‌ను, దాక్కోవడానికి వేసిన పీవీసీ గొట్టం ముక్కలను కడిగి పూర్తిగా ఎండనివ్వాలి. మూత ఉన్న 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు చాలు. ఫిల్టర్ అక్కరలేదు, ఎందుకంటే మూడు రోజులకొకసారి నీరు మొత్తం కొత్తదే.

మార్చేటప్పుడు చేపతోపాటు పాత నీరు వీలైనంత తక్కువ రావాలి. వల కంటే చిల్లుల గిన్నెతో ఎత్తడం మేలు, చేప ఒంటి జిగురు చెదరదు. పని ఉంది, ఉప్పు ఖర్చుంది, సెలవులేని ఉద్యోగికి నాలుగుసార్లు గంట కుదరకపోతే మొత్తం వృథా. కానీ మందు లేదు, మోతాదు లేదు, పన్నెండు రోజుల్లో అయిపోతుంది, రాగి పడని మాండరిన్‌కూ పఫర్‌కూ పనికొస్తుంది. ఒకటి రెండు చిన్న చేపలకు తెల్లమచ్చ మాత్రమే అని నిర్ధారణ అయితే నేను నేడు మరో ఆలోచన లేకుండా దీన్నే చేస్తాను. జానెడు దాటిన టాంగ్‌ను, ఐదారు చేపలను ఒకేసారి ఇలా తిప్పడం జరిగే పని కాదు, వాటికి రాగే. వెల్వెట్‌కు దీన్ని నమ్ముకోకూడదు.

రాగి తాకనివి

బ్రూక్లినెల్లాకు ఫార్మలిన్ స్నానం. భీమవరం పరిసరాల్లో చెరువులు చేసేవారికి ఫార్మలిన్ వాసన పరిచయమే. లీటరు ఉప్పునీటికి 0.15 నుంచి 0.25 మిల్లీలీటర్లు కలిపి, గాలి బాగా కొడుతూ, 30 నుంచి 60 నిమిషాలు ఉంచి, చేప పక్కకు ఒరిగితే వెంటనే తీసేయాలి. స్నానం తర్వాత చేపను పాత నీటిలోకి కాక శుభ్రమైన తొట్టిలోకి వదలాలి. సీసా అడుగున తెల్లని మడ్డి కనిపిస్తే ఆ ఫార్మలిన్‌ను వాడకూడదు, అది చేపలకు మరింత విషం. మనిషికి కూడా క్యాన్సర్ కారకం కాబట్టి చేతి తొడుగులతో, ఆరుబయట చేయాలి.

ఫ్లూక్స్ అనుమానం తీర్చుకోవడానికి మంచినీటి ముంచుడు కంటే చవకైన పరీక్ష లేదు. తొట్టి నీటితో సమానమైన వెచ్చదనం, పీహెచ్ ఉండేలా సర్దిన, క్లోరిన్ లేని మంచినీటిని నల్ల బకెట్‌లో తీసుకుని, గాలి కొట్టి, చేపను ఐదు నిమిషాలు ఉంచండి. నియోబెనెడీనియా అనే రకం ఫ్లూక్స్ ఉంటే, అంతవరకు గాజులా కనిపించకుండా ఉన్న పురుగులు తెల్లబడి, నువ్వుగింజల్లా బకెట్ అడుగున రాలతాయి. అది పరీక్ష మాత్రమే, పూర్తి చికిత్స కాదు. అసలు మందు ప్రాజిక్వాంటెల్: లీటరుకు 2.5 మిల్లీగ్రాములు. గుడ్లను చంపలేదు కాబట్టి 5 నుంచి 7 రోజుల తర్వాత రెండో విడత తప్పనిసరి. వేసినప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, కనుక కరెంటు పోయే వేళల్లో బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచుకోవాలి.

రాకుండా చూసుకోవడంలోనూ ఎంపిక ఉంది

కొత్త చేపను వేరు తొట్టిలో ఉంచి కేవలం గమనించడం ఒక దారి, రోగం కనిపించినా లేకపోయినా రాగి, ప్రాజిక్వాంటెల్ రెండూ ఇచ్చేయడం రెండో దారి. అనవసరంగా మందు ఎందుకన్న వాదన సబబే. కాని మన ఊళ్లకు చేపలు ఒకే నీరు పంచుకునే దుకాణపు వరసల్లోంచి, సంచిలో గంటల ప్రయాణం చేసి వస్తాయి. మొప్పల్లో దాగిన వెల్వెట్ గమనానికి దొరకదు. అందుకే టాంగ్‌లకూ ఏంజెల్‌లకూ రెండో దారి, హేచరీలో పుట్టిన క్లౌన్‌లకు, మాండరిన్‌లకు మొదటిది నా పద్ధతి. వేరు తొట్టి ప్రధాన తొట్టికి 3 మీటర్ల దూరంలో ఉండాలి, వెల్వెట్ నీటి తుంపరల ద్వారా గాలిలో అంతదూరం వెళ్లగలదని తేలింది. వల, చెంబు, తుడిచే గుడ్డ ఏదీ పంచుకోకూడదు.

యూవీ దీపం ఈదే పిల్లలను కొంత తగ్గిస్తుంది, నిర్మూలించదు. శుభ్రపరిచే రొయ్య తెల్లమచ్చను తినదు. వెల్లుల్లి మేతకు రుచి ఇస్తుంది, అంతే. తెల్లమచ్చ నుంచి కోలుకున్న చేపకు కొన్ని నెలల పాటు పాక్షిక రోగనిరోధకత ఉంటుందన్నది నిజం. ‘మంచి మేత పెడితే అదే సర్దుకుంటుంది’ అనేవారికి ఆ మాట కొన్నాళ్లు నిజమయ్యేది అందువల్లే. తర్వాత తెచ్చే కొత్త చేపకు మాత్రం ఆ రక్షణ ఉండదు.

రోగం ప్రధాన తొట్టిలోకి వచ్చేసి ఉంటే, చేపలన్నిటినీ, ఆరోగ్యంగా కనిపించేవాటితో సహా, బయటికి తీసి చికిత్స చేస్తూ, ఆ తొట్టిని చేపలు లేకుండా వదిలేయాలి. తెల్లమచ్చకు 76 రోజులు, వెల్వెట్‌కు ఆరు వారాలు. పగడాలు, రొయ్యలు, నత్తలు అక్కడే ఉండవచ్చు, ఇవి ఈ పరాన్నజీవులకు ఆతిథ్యం ఇవ్వవు. అయితే కొత్తగా కొన్న నత్త గుల్ల మీదో, పగడం అతికిన రాతి మీదో పరాన్నజీవి గుల్ల అంటుకుని రావచ్చు కనుక, వాటినీ అన్నే రోజులు చేపలు లేని మరో తొట్టిలో ఉంచాకే లోపలికి చేర్చాలి. ఈ లెక్క మొదలయ్యేది చివరి చేప బయటికి వచ్చిన రోజు నుంచి. రాళ్ల సందులో దాగిన ఒక్క గోబీ చేపను వదిలేసి డెబ్బై ఆరు రోజులు లెక్కపెట్టినవారిలో నేనూ ఒకణ్ణి. అరవయ్యో రోజు అది మేత కోసం బయటికి వచ్చి నా వైపు చూసింది, నేను క్యాలెండర్‌లో మళ్లీ ఒకటి నుంచి గీతలు పెట్టుకున్నాను.